ఒకే ఫైలుకు రెండు సర్వర్లు: లాంగ్వేజ్ సర్వర్ ప్లగిన్ ఎంపికలో ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ప్రోగ్రామర్లు వాడే ఎడిటర్లనూ వాటి చుట్టూ ఉండే పనిముట్లనూ సరిచేసి ఇవ్వడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువసార్లు వినిపించేది ఒకటే: లాంగ్వేజ్ సర్వర్ (కోడ్‌ను చదివి తప్పులూ సూచనలూ ఎడిటర్‌కు అందించే ప్రోగ్రామ్) కోసం ఏ ప్లగిన్ (ఎడిటర్‌కు జోడించే అదనపు భాగం) వాడాలి? ఈ కేసు కూడా ఆ ప్రశ్నతోనే మొదలైంది. దీన్ని విడిగా రాసి పెట్టడానికి కారణం ఏమిటంటే, ఇందులో నేను మొదట చేసిన పోలిక పద్ధతిగానే జరిగింది, అయినా తప్పు జవాబు ఇచ్చింది. ఆ తప్పు ఎక్కడ ఉందో తేలిన తర్వాతే ఈ ప్లగిన్లలో పోల్చవలసింది దేన్నో నాకు స్పష్టపడింది. వ్యక్తినీ సంస్థనూ గుర్తుపట్టగల వివరాలన్నీ తీసేశాను.

ఈ ప్రోగ్రామర్ చాలా ఏళ్లు విమ్ అనే ఎడిటర్ వాడి, తర్వాత దాని నుంచి పుట్టిన నియోవిమ్‌కు మారారు. పని లినక్స్ మీద. ఒకే గిట్ రిపాజిటరీలో (మార్పుల చరిత్రతో సహా కోడ్ ఉండే ఫోల్డర్‌లో) అనేక పైథాన్ ప్యాకేజీలు, వాటి పక్కనే టైప్‌స్క్రిప్ట్‌లో రాసిన ఫ్రంట్ ఎండ్ ఉన్నాయి. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్రాజెక్ట్‌కు కావలసిన లైబ్రరీలుండే చోటు) రిపాజిటరీ లోపలే, చుక్కతో మొదలయ్యే పేరున్న ఫోల్డర్‌లో ఉంది. ఫ్రంట్ ఎండ్‌కు కావలసిన నోడ్ మాడ్యూల్స్ (జావాస్క్రిప్ట్ లైబ్రరీల) ఫోల్డర్ కూడా అక్కడే ఉంది. ఎడిటర్‌లో ఈ పనికి సంబంధించి రెండు ప్లగిన్లు ఉన్నాయి. లింటింగ్ (కోడ్‌లో తప్పులు వెతకడం) కోసం ఎప్పుడో పెట్టుకున్న ఏఎల్‌ఈ ఒకటి, కంప్లీషన్ (టైప్ చేస్తుండగా పేర్లు సూచించడం) కోసం తర్వాత చేర్చుకున్న కోక్ మరొకటి. పైథాన్‌కు సర్వర్ పైరైట్.

ఇక్కడ ఒక విషయం గుర్తు చేయాలి. 2016లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ప్రకారం, కోడ్‌ను అర్థం చేసుకునే పని ఎడిటర్ బయట నడిచే ఒక ప్రత్యేక ప్రాసెస్‌ది. ఎడిటర్‌లోని ప్లగిన్ ఆ ప్రాసెస్‌తో జేసన్-ఆర్‌పీసీ అనే పద్ధతిలో రాసిన సందేశాల ద్వారా మాట్లాడే క్లయింట్ మాత్రమే. ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాషకూ విడివిడిగా ప్లగిన్ రాసే అవస్థను ఈ ఏర్పాటు తప్పించింది. అయితే స్క్రీన్ మీద ఏదైనా తేడాగా కనిపించినప్పుడు, ఆ తప్పు సర్వర్‌దా, క్లయింట్‌దా, రెంటి మధ్య కుదిరిన ఒప్పందానిదా అన్నది చూడగానే తెలియదు. ఈ కేసు ముడి అంతా అక్కడే పడింది.

వచ్చిన సమస్య

ఆమె చెప్పిన ఇబ్బందులు మూడు. ఫైలు తెరిచిన తర్వాత చాలాసేపటి వరకు, ఆబ్జెక్ట్ పేరు పక్కన చుక్క పెడితే సూచనల జాబితా రావడానికి మూడు నాలుగు సెకన్లు పడుతోంది. ప్రతి తప్పూ రెండుసార్లు కనిపిస్తోంది. కొన్నిచోట్ల మాత్రం ఒకటి ఇంపోర్ట్ (వేరే ఫైలు నుంచి తెచ్చుకునే కోడ్) దొరకలేదని చెబితే రెండోది అసలు ఏమీ చెప్పడం లేదు. ఇక తెలుగు పదాలు ఉన్న స్ట్రింగ్‌ల వరుసల్లో ఎర్ర గీత తప్పు ఉన్న చోట కాకుండా దానికి ఎడమగా ఎక్కడో పడుతోంది.

“ఏ ప్లగిన్ మంచిదో చెప్పండి, రేపే దానికి మారిపోతాను” అన్నారు ఆమె. కోక్ తనకంటూ ఒక నోడ్ (జావాస్క్రిప్ట్‌ను నడిపే ప్రోగ్రామ్) ప్రాసెస్‌ను నడుపుతుంది, పైరైట్ కూడా నోడ్ మీదే నడుస్తుంది కాబట్టి మధ్యలో ఒక పొర ఎక్కువైందని ఆమె అనుమానం. వినగానే నాకూ అది సబబుగానే తోచింది.

మొదటి ప్రయత్నం: క్లయింట్ మార్పు

2021 జులైలో వచ్చిన 0.5 వెర్షన్ నుంచి నియోవిమ్‌లో లాంగ్వేజ్ సర్వర్ క్లయింట్ లోపలే ఉంది. అది ఎడిటర్ ప్రాసెస్‌లోనే లువా అనే భాషలో నడుస్తుంది కాబట్టి మధ్యలో నోడ్ పొర ఉండదు. కోక్‌ను ఆపేసి దీనికి మారితే, ఆలస్యానికి కారణం ఆ పొర అవునో కాదో తేలిపోతుందని అనుకున్నాను.

పోలిక న్యాయంగా ఉండాలంటే క్లయింట్ ఒక్కటే మారాలి, తక్కినవన్నీ అలాగే ఉండాలి. అందుకని పైరైట్ కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల) ఫైలును ముట్టుకోలేదు. ప్రాజెక్ట్ రూట్‌గా (ప్రాజెక్ట్ మొదలయ్యే చోటుగా) కోక్ ఏ ఫోల్డర్‌ను తీసుకుంటోందో, అంటే గిట్ ఫోల్డర్ ఉన్న రిపాజిటరీ పై భాగాన్ని, కొత్త క్లయింట్‌కు కూడా అదే రూట్‌గా రాసి ఇచ్చాను. సేవ్ చేసేటప్పుడు ఫార్మాటింగ్ ఏఎల్‌ఈ చేస్తోంది కాబట్టి దాన్నీ ఉంచాను.

ఫలితం శూన్యం. జాబితా అంతే ఆలస్యంగా వచ్చింది, తప్పులు అలాగే రెండేసి కనిపించాయి. నోడ్ పొర కారణం కాదని తేలింది కాబట్టి ప్రయోగం పూర్తిగా వృథా కాలేదు. కానీ దాని నుంచి నేను తీసుకున్న తీర్మానం తప్పు: క్లయింట్ల మధ్య తేడా లేదు, కాబట్టి లోపం సర్వర్‌దే అనుకున్నాను.

రెండో ప్రయత్నం: సర్వర్ మార్పు

ఆ తీర్మానంతో పైరైట్ స్థానంలో పైథాన్ ఎల్‌ఎస్‌పీ సర్వర్‌ను పెట్టాను. ఇది జెడై అనే లైబ్రరీ మీద ఆధారపడి కంప్లీషన్ ఇస్తుంది. జాబితా వెంటనే రావడం మొదలైంది, మెమొరీ వాడకం కూడా తగ్గింది. రెండు రోజులు గడిచాక ఆమె దీన్ని తిరస్కరించారు, అది సరైన నిర్ణయమే. ఆమె బృందం కోడ్ అంతటా టైప్ హింట్లు (ఏ విలువ ఏ రకానిదో చెప్పే గుర్తులు) రాస్తుంది. వాటిని పైరైట్ పరిశీలించినంత లోతుగా ఇది పరిశీలించదు. పైగా శైలికి సంబంధించిన తనిఖీలు కూడా ఇందులో నడుస్తుండటంతో వరుస పొడవు మించిందన్న హెచ్చరికలు తెర నిండా పరుచుకున్నాయి. వాటిని ఆపడం తేలికే. టైపుల లోటు తీరేది కాదు.

ఇంపోర్ట్ దొరకలేదన్న ఫిర్యాదు మాత్రం ఇప్పుడు కూడా కొన్ని ఫైళ్లలో వస్తూనే ఉంది. చెబుతున్న మాటలు అచ్చంగా పైరైట్ మాటలు. నేను పైరైట్‌ను తీసేశాననుకున్న ఎడిటర్‌లో పైరైట్ ఎలా మాట్లాడుతోంది? మొదటి రోజే వేసుకోవలసిన ఈ ప్రశ్న నాకు అప్పుడు తట్టింది.

లాగ్ చూపించింది

పాత అమరికను తిరిగి పెట్టి, నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా తీశాను. ఒకే పైథాన్ ఫైలు తెరిచి ఉంది, పైరైట్ సర్వర్లు రెండు నడుస్తున్నాయి. ఒకదాన్ని కోక్ ప్రారంభించింది. రెండోదాన్ని ప్రారంభించింది ఏఎల్‌ఈ.

ఏఎల్‌ఈ ప్రధానంగా లింటింగ్ ప్లగిన్, కానీ లాంగ్వేజ్ సర్వర్‌ను కూడా ఒక లింటర్‌గా నడపగలదు. పైథాన్‌కు ఏ లింటర్లు వాడాలో ప్రత్యేకంగా రాయకపోతే, మెషీన్‌లో దొరికిన వాటిని తానే ఎత్తుకుంటుంది. ఆమెను అడిగితే, తప్పులు రెండేసి కనిపించడం మొదలైంది కమాండ్ లైన్‌లో వాడుకోవడానికి పైరైట్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న రోజుల్లోనే అని గుర్తు చేసుకున్నారు. ఎడిటర్‌కు సంబంధం లేదనుకున్న ఆ పనే ఎడిటర్‌లో రెండో సర్వర్‌ను లేపింది. మొదటి ప్రయత్నంలో నేను ఏఎల్‌ఈని ఉంచేశాను కాబట్టి ఆ రెండో సర్వర్ నా పోలికలో కూడా నడుస్తూనే ఉంది.

రెండు సర్వర్లూ వేరువేరుగా ఎందుకు మాట్లాడుతున్నాయన్న దానికి జవాబు రూట్‌లో దొరికింది. తాను నడపాల్సిన సర్వర్‌కు ప్రాజెక్ట్ ఎక్కడ మొదలవుతుందో చెప్పేది క్లయింటే. కోక్ మామూలుగా గిట్ ఫోల్డర్ కోసం పైకి వెతుకుతుంది కాబట్టి రిపాజిటరీ మొత్తాన్ని ప్రాజెక్ట్‌గా చూపింది. ఏఎల్‌ఈ పైథాన్ ప్రాజెక్టులకు ఉండే అనేక కాన్ఫిగ్ ఫైళ్లలో ఏది ముందు కనిపిస్తే అక్కడ ఆగుతుంది. ప్రతి ప్యాకేజీలోనూ టాక్స్ (పైథాన్ పరీక్షలు నడిపే పనిముట్టు) కాన్ఫిగ్ ఫైలు ఉండటంతో అది ఆ చిన్న ఫోల్డర్ దగ్గరే ఆగింది. పక్క ప్యాకేజీలు ఎక్కడున్నాయో చెప్పే దారులు రిపాజిటరీ పైన ఉన్న పైరైట్ కాన్ఫిగ్‌లో రాసి ఉన్నాయి. సర్వర్‌గా నడిచేటప్పుడు పైరైట్ తనకిచ్చిన రూట్‌లోని కాన్ఫిగ్‌నే చదువుతుంది కాబట్టి, ఏఎల్‌ఈ లేపిన పైరైట్‌కు ఆ దారులు తెలియవు. అందుకే ఒకటి ఇంపోర్ట్ లేదంటుంది, మరొకటి మౌనంగా ఉంటుంది. తమకు చూపిన ప్రపంచం వరకు రెండూ నిజమే చెప్పాయి.

ఇక ఆలస్యం సంగతి. నియోవిమ్ లోపలి క్లయింట్‌లో లాగ్ (సందేశాలు నమోదయ్యే ఫైలు) స్థాయిని, ఎక్కువ వివరాలు రాసే డీబగ్‌కు పెంచి, ఫైలు తెరిచి, చుక్క పెట్టి, జాబితా వచ్చేదాకా ఆగి, ఆ తర్వాత లాగ్‌ను వరుసగా చదివాను. పంపిన ప్రతి అభ్యర్థనకూ ఒక సంఖ్య ఉంటుంది, దాని జవాబు అదే సంఖ్యతో తిరిగి వస్తుంది. సమయం సెకన్ల వరకే నమోదవుతుంది కానీ ఈ పనికి అది చాలు. కంప్లీషన్ అభ్యర్థన చుక్క పెట్టిన వెంటనే బయలుదేరింది. జవాబు మాత్రం నాలుగు సెకన్ల తర్వాత వచ్చింది. ఈ మధ్యలో సర్వర్ పంపిన సందేశాల్లో, ప్రాజెక్ట్ ఫైళ్లను లెక్కించడానికే 10 సెకన్లు దాటిపోతోందన్న హెచ్చరిక ఉంది. అంటే ఆలస్యం క్లయింట్‌లో పుట్టలేదు. సర్వర్ వేరే పనిలో మునిగి ఉండగా అభ్యర్థన వరుసలో నిలబడింది.

అంత లెక్కింపు ఎందుకు జరుగుతోంది? ఏయే ఫోల్డర్లను వదిలేయాలో కాన్ఫిగ్‌లో మనం ఏమీ రాయకపోతే, నోడ్ మాడ్యూల్స్‌నూ పైథాన్ క్యాష్ ఫోల్డర్లనూ చుక్కతో మొదలయ్యే అన్ని ఫోల్డర్లనూ పైరైట్ తానే వదిలేస్తుంది. మన జాబితా ఒకటి రాస్తే, అది ఈ జాబితాకు అదనంగా చేరదు, దాని స్థానంలోకి వస్తుంది. రిపాజిటరీ కాన్ఫిగ్‌లో ఎవరో బిల్డ్ ఫోల్డర్ ఒక్కదాన్ని వదిలేయమని ఒకే ఒక్క వరుస రాశారు. ఆ వరుసతో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, నోడ్ మాడ్యూల్స్ రెండూ ప్రాజెక్ట్‌లో భాగమైపోయాయి. రాసినవారి ఉద్దేశం ఫైళ్లను తగ్గించడం. జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం.

పని చేసిన మార్పులు

ముందుగా కాన్ఫిగ్‌లో వదిలేయవలసిన జాబితాను పూర్తిగా రాశాను: బిల్డ్ ఫోల్డర్‌తో పాటు పైరైట్ మామూలుగా వదిలే మూడు రకాలనూ చేర్చాను. తర్వాత ఏఎల్‌ఈకి లాంగ్వేజ్ సర్వర్ల జోలికి పోవద్దని చెప్పే సెట్టింగ్ పెట్టి, ఫార్మాటింగ్ మాత్రమే మిగిల్చాను. ఈ రెంటినీ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో ఒక రోజు విరామంతో చేశాను. మొదటి దానితో ఆలస్యం పోయింది, రెండో దానితో జంట తప్పులు పోయాయి. రెండూ కలిపి చేసి ఉంటే ఏది దేన్ని నయం చేసిందో ఆమెకు చెప్పగలిగేవాణ్ణి కాదు.

ఎర్ర గీత సమస్య వీటితో తీరలేదు, ఎందుకంటే దాని మూలం వేరు. ప్రోటోకాల్ వరుసలోని స్థానాన్ని యూటీఎఫ్-16 (అక్షరాలను కంప్యూటర్‌లో భద్రపరిచే ఒక పద్ధతి) యూనిట్లలో లెక్కిస్తుంది. 2022లో వచ్చిన 3.17 వెర్షన్ నుంచి రెండు పక్షాలూ మరో పద్ధతికి ఒప్పుకునే వీలుంది గానీ, ఒప్పందం లేకపోతే యూటీఎఫ్-16 లెక్కే. ఆమె కాన్ఫిగ్‌లో తప్పులను తనకు నచ్చిన రంగులో చూపడానికి సొంతంగా రాసుకున్న ఒక చిన్న ఫంక్షన్ ఉంది. అది సర్వర్ ఇచ్చిన సంఖ్యను నేరుగా బైట్ల సంఖ్యగా తీసుకుంటోంది.

నేను పరీక్షించిన వరుస ఇది. ఐదు ఆంగ్ల అక్షరాల ఫంక్షన్ పేరు, బ్రాకెట్, కొటేషన్ గుర్తు, ‘నమస్తే’ అనే మాట, మళ్లీ కొటేషన్, కామా, ఒక ఖాళీ, ఆ తర్వాత అక్షరాలు తారుమారైన ఒక వేరియబుల్ పేరు. మాటకు ముందు 7 స్థానాలు. నమస్తేలో న, మ, స, పొల్లు, త, ఏత్వం కలిపి 6 కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లో విడివిడి గుర్తులు). యూటీఎఫ్-16లో ఒక్కోదానికి ఒక యూనిట్. తర్వాత మరో 3. కాబట్టి తప్పు పేరు సున్నా నుంచి లెక్కిస్తే 16వ స్థానంలో ఉందని పైరైట్ చెప్పింది, అది సరైన మాటే. యూటీఎఫ్-8 అనే మరో పద్ధతిలో ఆ ఆరింటిలో ప్రతి ఒక్కటీ 3 బైట్లు ఆక్రమిస్తుంది కాబట్టి బైట్ల లెక్కలో ఆ పేరు 28 దగ్గర మొదలవుతుంది. ఫంక్షన్ 16వ బైట్ దగ్గరే గీత గీసింది. ఆ బైట్ సరిగ్గా స తర్వాత వచ్చే పొల్లుది. గీత ‘నమస్తే’ కడుపులో, స కింద త ఒత్తు చేరే చోట పడటానికి కారణం అదే. ఎమోజీలున్న వరుసల్లో కూడా గీత జరుగుతుంది, కానీ అక్కడ తేడా వేరు, ఎందుకంటే ఎమోజీ ఒక్కటి సాధారణంగా యూటీఎఫ్-16లో 2 యూనిట్లు, యూటీఎఫ్-8లో 4 బైట్లు. మార్పిడి చేసే పని క్లయింట్లు తామే చేస్తాయి కాబట్టి ఆ ఫంక్షన్‌ను తీసేసి, రంగును మాత్రం క్లయింట్ సెట్టింగ్‌లో పెట్టాను.

అప్పుడు ప్లగిన్ల పోలిక

ఇవన్నీ సర్దుకున్న తర్వాత, ఆమె మొదట అడిగిన ప్రశ్నకు వచ్చాం. కోక్‌తో ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. మారాలా వద్దా?

వేగం గురించి ఒక మాట. ప్లగిన్ల మధ్య చేతికి తగిలే వేగంలో తేడా చాలావరకు అవి కావాలని ఆగే సమయం నుంచి వస్తుంది. మనం టైప్ చేసిన మార్పును సర్వర్‌కు పంపే ముందు నియోవిమ్ క్లయింట్ మామూలుగా 150 మిల్లీసెకన్లు ఆగుతుంది; తనిఖీ మొదలుపెట్టే ముందు ఏఎల్‌ఈ 200 మిల్లీసెకన్లు ఆగుతుంది. ఇవి సెట్టింగ్‌లు, మార్చుకోవచ్చు. వీటిని బట్టి ఒక ప్లగిన్‌ను వేగవంతమని, మరొకదాన్ని నిదానమని తేల్చకూడదని నా అభిప్రాయం.

విమ్-ఎల్‌ఎస్‌పీ అనే మరో క్లయింట్ ప్లగిన్ నోడ్ అవసరం లేకుండానే విమ్, నియోవిమ్ రెంటిలోనూ నడుస్తుంది. ఆమె విమ్ మాత్రమే ఉన్న మెషీన్లలో కూడా పనిచేసేవారైతే దాన్నే సూచించేవాణ్ణి. ఆ అవసరం లేకపోవడంతో పక్కన పెట్టాం. మిగిలినవి కోక్, నియోవిమ్ లోపలి క్లయింట్.

ఆమెకు లోపలి క్లయింట్‌ను సూచించాను. ఏ సర్వర్‌ను ఏ రూట్‌తో లేపాలో మనమే రాయాలి కాబట్టి, రాసినది కళ్ల ముందు ఉంటుంది. 2025లో వచ్చిన 0.11 వెర్షన్ నుంచి ఆ రాత కొన్ని వరుసలకు తగ్గింది. రూట్ గుర్తులను ప్రాధాన్య క్రమంలో ఇవ్వవచ్చు కూడా. అనేక ప్యాకేజీలున్న రిపాజిటరీలో ఈ స్పష్టతకు విలువ ఎక్కువ. ఆమె సమస్యల్లో రెండు పుట్టింది, ఎవరూ రాయకుండానే జరిగిపోయిన ఎంపికల నుంచి.

అదే బృందంలో ఫ్రంట్ ఎండ్ మీద పనిచేసే ఒకరు ఇది విని తానూ మారతానన్నారు. ఆయనకు కోక్‌లోనే ఉండమని చెప్పాను. కోక్‌లోని టైప్‌స్క్రిప్ట్ ఎక్స్‌టెన్షన్ విజువల్ స్టూడియో కోడ్‌లోని దాన్నుంచి తెచ్చుకున్నది. ఫైలు పేరు మారిస్తే ఇతర ఫైళ్లలోని ఇంపోర్ట్‌లను తానే సవరించడం వంటి సౌకర్యాలు అందులో సిద్ధంగా ఉంటాయి. లోపలి క్లయింట్‌తో అదంతా మళ్లీ అమర్చుకోవాలి. రోజూ ఫైళ్లు అటూ ఇటూ జరిపే మనిషికి అది చిన్న లోటు కాదు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మార్పు

మొదటి పోలికలో తక్కినవన్నీ స్థిరంగా ఉంచాలని నేను అనుకోవడం తప్పు కాదు. రూట్‌ను కూడా ఆ తక్కినవాటిలో చేర్చడమే తప్పు. రూట్ ఎంపిక క్లయింట్ ప్రవర్తనలోనే భాగం. సర్వర్ ఒకటే అయినప్పుడు క్లయింట్లు నిజంగా వేరుపడేది ఇలాంటి వాటిలోనే: ఎప్పుడు సర్వర్‌ను లేపుతాయి, ఏ ఫోల్డర్‌ను ప్రాజెక్ట్ అని చెబుతాయి, మార్పులను ఎంతసేపటికి పంపుతాయి. పోలిక సమంగా ఉండాలని నేను రూట్‌ను చదును చేసినప్పుడు, పోల్చవలసిన తేడానే చెరిపేశాను. దాంతో పాటు జబ్బును కూడా ఒక ఏర్పాటు నుంచి మరోదానికి మోసుకెళ్లాను.

అందుకే ఇప్పుడు ప్లగిన్ గురించి ఎవరు అడిగినా ముందు మూడు చూస్తాను. ఈ బఫర్‌కు (ఎడిటర్‌లో తెరిచిన ఫైలుకు) ఎన్ని సర్వర్లు నడుస్తున్నాయి, ఎవరు లేపారు, ప్రతిదానికీ ఏ రూట్ చెప్పారు. తర్వాత లాగ్‌లో ఒక్క కంప్లీషన్ అభ్యర్థనను పట్టుకొని, అది ఎంతసేపు ఎవరి దగ్గర ఆగిందో చదువుతాను. దీనికి పావుగంట చాలు. నేను దీన్ని చివరికి వదిలిపెట్టినందుకు ఆ ప్రోగ్రామర్ తనకు సరిపడని సర్వర్‌తో రెండు రోజులు పనిచేయవలసి వచ్చింది.

ఆ తర్వాత

మారిన నెల రోజులకు ఆమె కొత్త ఫిర్యాదుతో వచ్చారు. గిట్‌లో బ్రాంచ్ (కోడ్‌కు సమాంతరంగా నడిచే మరో రూపం) మార్చిన తర్వాత, తెరిచి ఉన్న ఫైళ్లలో పాత బ్రాంచ్‌కు చెందిన తప్పులు అలాగే నిలిచిపోతున్నాయి. ఎడిటర్ బయట మారిన ఫైళ్ల గురించి సర్వర్‌కు తెలియజేయడం కూడా క్లయింట్ పనే. నియోవిమ్ లోపలి క్లయింట్‌లో ఆ సౌకర్యం ఉంది గానీ, పెద్ద ఫోల్డర్లను గమనించడం భారమవుతుందని లినక్స్‌లో దాన్ని డిఫాల్ట్‌గా ఆపి ఉంచారు. దాన్ని ఆన్ చేసి చూడవచ్చని చెప్పాను. అయితే నోడ్ మాడ్యూల్స్ ఉన్న రిపాజిటరీలో అది ఎంత బరువవుతుందో ఇద్దరికీ అనుమానమే. ఆమె మరో దారి ఎంచుకున్నారు: బ్రాంచ్ మార్చినప్పుడల్లా సర్వర్‌ను తిరిగి ప్రారంభించే ఒక షార్ట్‌కట్ పెట్టుకున్నారు. లెక్కించవలసిన ఫైళ్లు తగ్గిపోయాయి కాబట్టి, పైరైట్ ఇప్పుడు రెండు సెకన్లలోపే మళ్లీ సిద్ధమవుతోంది.